పదిహేను కిలోల్లో ఆవకాయెంత?

గోదావరి జిల్లాల్లో యాత్ర అంటే ఇంతకాలం ఒక బస్సు, అందులో ఒక వంటమేస్త్రి. కాశీ వెళ్లినా సాంబారు మనదే. ఇప్పుడు కొత్తగా ఎవరెస్ట్ బేస్ క్యాంప్ మోజు పట్టుకుంది. పాపికొండల్ని లాంచీలో కూర్చుని చూసొచ్చిన మనం ఏకంగా 5,364 మీటర్లకి నడుస్తామంటున్నాం. నడవండి, ఎవరొద్దన్నారు?

కాళ్ల సంగతి ముందు చూడండి. కోనసీమలో ఎత్తంటే ఏటిగట్టే. కొబ్బరిచెట్లెక్కేవాళ్లున్నారు గానీ ఈ టూరుకి వచ్చేది వాళ్లు కాదు, తోటల ఓనర్లు. మూడు నెలల ముందు నుంచీ వీపున బరువేసుకుని, కొత్త బూట్లు తొడుక్కుని కోరుకొండ మెట్లెక్కి దిగండి. పుష్కరఘాట్ దగ్గర రెండు రౌండ్లు కొట్టి పెసరట్టు ఉప్మా లాగించడాన్ని శిక్షణ అనరండీ. "పదమూడేళ్ల మలావత్ పూర్ణ 2014లో శిఖరమే ఎక్కింది, మనకి బేస్ క్యాంపో లెక్కా?" అంటారు. ఆ పిల్ల భువనగిరి బండల మీద, డార్జిలింగ్‌లో, లద్దాఖ్ చలిలో నెలల తరబడి సాధన చేసి ఎక్కింది. మధ్యలో భీమవరం కోడిపందేలకి సెలవు పెట్టలేదు.

నేపాల్‌కి వీసా అక్కర్లేదు కదా అని ఆధార్ కార్డొకటి జేబులో వేసుకుని మధురపూడిలో విమానమెక్కేస్తారు. ఆధార్ చెల్లదు. పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి.

ఖాట్మండు నుంచి, నడక మొదలయ్యే లుక్లాకి చిన్న విమానం. సీజన్లో అయితే అర్ధరాత్రి లేచి, నాలుగైదు గంటలు రోడ్డున పడి రామేఛాప్ వెళ్లి ఎక్కాలి. లుక్లా రన్‌వే పొడవు 527 మీటర్లు, ఒక కొసన కొండ, ఇంకో కొసన లోయ. మబ్బు కమ్మితే విమానం లేదు. పంతులుగారు పెట్టిన ముహూర్తం చూపించినా పైలట్ కదలడు. అందుకని తిరుగు టికెట్టు మేనల్లుడి పెళ్లికి ముందురోజు పెట్టుకోకండి, రెండు మూడు రోజులు వెసులుబాటుండాలి.

ఆ విమానంలో సామాను మనిషికి అంతా కలిపి పదిహేను కిలోలు. తాపేశ్వరం కాజాలు, ఆత్రేయపురం పూతరేకులు, అత్తగారి ఆవకాయ జాడీ సర్దేసరికి కాటా నిండిపోతుంది. అప్పుడు మనవాళ్లు ముందుగా తీసి పక్కన పెట్టేది స్వెట్టరు. ఒక్క చిన్న సీసా ఆవకాయ మాత్రం ఉంచండి, తప్పులేదు. పైకెళ్లేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది, దాల్‌భాత్ గొంతు దిగాలంటే అదే దిక్కు. నాటుకోడి అడక్కండి. షెర్పాలు తమ కొండల్లో జీవహింస చేయరు. అక్కడ దొరికే మాంసం కింది నుంచి రోజుల తరబడి మనుషుల వీపుల మీద ఎక్కొచ్చిందే. అది తిని, రాత్రంతా గడ్డకట్టే చలిలో బయటికీ లోపలికీ తిరిగిన తర్వాత పప్పన్నం గొప్పదనం ఎవరూ చెప్పక్కర్లేదు.

సామాను మోసే మనిషిని "ఒరేయ్" అనకండి. పొలంలో పాలేరుని పిలిచే గొంతు అక్కడికి మోసుకెళ్లారంటే ఆ బరువు కూడా మీ పదిహేను కిలోల్లోకే వస్తుంది. "దాయి" అనండి, అన్నగారన్నమాట. అతనికి చలికోటు, బీమా ఉన్నాయో లేదో ఏజెంటుని అడగండి. మీ బీమా ఆరువేల మీటర్ల దాకా, హెలికాప్టర్ ఖర్చుతో సహా వర్తిస్తుందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

అసలు ప్రమాదం కొండ దగ్గర లేదు, మన మొహమాటంలో ఉంది. బేస్ క్యాంప్ దగ్గర గాలిలో దొరికే ప్రాణవాయువు మనూళ్లో దొరికేదాంట్లో సగమే. మూడువేల మీటర్లు దాటాక, పడుకునే చోటు రోజుకి అయిదొందల మీటర్ల కంటే ఎక్కువ పెరగకూడదు. అందుకే దారిలో నామ్చే అనే ఊళ్లో రెండు రాత్రులు ఆగమంటారు. ఊళ్లో అరుగు మీద పూటంతా కదలకుండా కూర్చోగలిగినవాడికి అక్కడ మాత్రం తొందర పుట్టుకొస్తుంది, డబ్బులు కట్టాడు కదా! తల పగిలిపోతున్నా "అబ్బే, ఏం లేదండీ, గ్యాసు" అంటాడు, తన వల్ల బ్యాచ్ ఆగిపోతుందని. ఆ గ్యాసే మెదడు వాపు కావచ్చు, ఊపిరితిత్తుల్లో నీరు కావచ్చు. తలనొప్పీ వాంతులూ ఉంటే ఇంకో అడుగు పైకి వేయకూడదు. మనిషి తూలుతున్నా, కూర్చున్నచోటే ఆయాసపడుతున్నా అర్ధరాత్రయినా సరే కిందికి దించేయాలి. డయామాక్స్ మాత్ర డాక్టరు రాసిస్తేనే వేసుకోండి, మందులషాపు బావగారు సాయంగా ఇస్తే కాదు. ఆయన ఇచ్చే రెండో సాయం, సీసాలోది, కొండ దిగాక పుచ్చుకోవచ్చు.

ఇంతా చేస్తే బేస్ క్యాంప్ నుంచి ఎవరెస్ట్ కొన కనపడదు. అది చూడాలంటే ఇంకా పైకి, కాలాపత్థర్ ఎక్కాలి. ఈ సంగతి తెలియక బావమరుదులు ముందే ఫ్లెక్సీ కొట్టించేస్తారు, వెనకాల హిమశిఖరం, ముందు మీరు కూలింగ్ గ్లాసులతో. దయచేసి ఆపమనండి. మీరు 4,410 మీటర్ల దింగ్‌బోచేలోనే వెనక్కి తిరగాల్సి రావచ్చు. అప్పుడు "దింగ్‌బోచే విజేతకు ఘనస్వాగతం" అని కొట్టించండి. కోటగుమ్మం సెంటర్లో ఆ పేరు చదివి "ఇంతేనా" అనేవాడు ఒక్కడూ ఉండడు.