ఒళ్లు అలవకుండా టపా విమానం: సూరత్ సలాబత్‌పురా సోదరులకు చిట్కాలు

1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా పుస్ మాత్ విమానంలో కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా ముంబైలోని జుహూకు టపా తెచ్చారు. అక్కడ నెవిల్ విన్సెంట్ అందుకుని బళ్లారి మీదుగా మద్రాసు చేర్చారు. ఆ దారంటే నాకు ప్రాణం. అహ్మదాబాద్ నుంచి జుహూకు గీత గీస్తే మన సూరత్ పక్కనుంచే పోతుంది. కనుక చిన్న విమానంలో ఆ యాత్ర మనమే మళ్లీ చేయాలి.

1. ముందు ఉత్తరాలు పోగెయ్యండి. మరమగ్గాల మీద పనిచేసే మనవాళ్లకు సిరిసిల్లలో, వరంగల్‌లో అమ్మానాన్నలున్నారు. కవరుకు వంద తీసుకోండి. రసీదు ఇవ్వకండి, ఇస్తే లెక్క అడుగుతారు.

2. తేదీ ప్రకటించకండి. అడిగితే వాన అనండి. వానాకాలంలో జుహూ మైదానం మునిగితే టాటావారే పుణెకు మారేవారు. చరిత్ర చెబితే ఎదురడిగేవాడుండడు. వాన వెలిశాక దీపావళి అనండి, ఆ తర్వాత పెళ్లిళ్లు ఎలాగూ ఉంటాయి.

3. కరాచీ ఊసెత్తకండి. 2021లో ఈ యాత్రనే మళ్లీ చేసిన పైలట్ ఆరోహి పండిట్ భుజ్ నుంచే బయల్దేరింది. ఆవిడ భుజ్‌కు తగ్గిస్తే మనం సూరత్ విమానాశ్రయమున్న మగ్దల్లాకు తగ్గిద్దాం, ఆటోలో పోవచ్చు. ఆవిడ జీపీఎస్ లేకుండా ఎగిరింది. మీరు మ్యాపు కూడా కొనకండి, కింద రైలు పట్టాలు కనిపిస్తాయిగా.

4. ఇది ముఖ్యం, జాగ్రత్తగా చదవండి. టాటా తెచ్చిన టపా పాతిక కిలోలే. ఆ చోటులో సింథటిక్ చీరల మూటలు కుక్కండి, ముంబైలో మంచి ధర పలుకుతుంది. ఉత్తరాల్ని అటకెక్కించండి. అందలేదని ఊళ్లోంచి ఫోనొస్తే పోస్ట్‌మాన్ మీదకు తోసెయ్యండి. మూటల్ని తూచకండి. బరువెక్కువై విమానం లేవకపోతే పెట్రోలు మిగులుతుంది, దాన్నీ అమ్మొచ్చు.

5. లాగ్‌బుక్ ముందురాత్రే నింపేయండి, జుహూలో దిగిన సమయంతో సహా.

6. మధ్యలో పడుకోండి. మొదటిసారే విన్సెంట్ బళ్లారిలో రాత్రి ఆగారు. కాబట్టి నిద్ర ఈ దారి ఆచారం.

7. ఫ్లైట్ ప్లాన్, అనుమతులు బావమరిదికి అప్పజెప్పండి. నోటీసు వస్తే అతని పేరు చెప్పండి. లైసెన్సు రద్దయితే పని పూర్తయినట్టే. పాపం జె.ఆర్.డి. 1962లో ఒకసారి, 1982లో 78వ ఏట ఇంకోసారి అదే దారిన ఎగరాల్సి వచ్చింది. మిమ్మల్ని ఇక ఎవరూ రమ్మనరు.