పచ్చి పిండి

మన పల్లెల్లో ఎరువును ‘పిండి’ అని మొదట ఎవరు పిలిచారో గానీ, ఆ మహానుభావుడు వ్యవసాయానికి ఓ సామెతను అంటగట్టి పోయాడు. పిండి కొద్దీ రొట్టె! మొదట్లో అది సూత్రం, తర్వాత స్తోత్రం, ఇప్పుడు ప్రభుత్వ విధానం. పశువుల మేతకు వేసిన సూపర్ నేపియర్ గడ్డి కాస్త పాలిపోయిందా, చల్లు చారెడు. కోత అయిందా, చల్లు బుట్టెడు. పక్కింటాయన గడ్డి మన గడ్డి కంటే ఒక్క పిసరు ముదురు పచ్చగా ఉందా? ఇక అది పరువు సమస్య. బస్తా విప్పాల్సిందే.

విప్పకేం? 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. 2010లో కేంద్రం పోషకాన్ని బట్టి రాయితీ అనే పద్ధతి తెచ్చినప్పుడు భాస్వరాన్ని, పొటాష్‌ను అందులోకి తోసి, యూరియాను మాత్రం ముద్దుల కొడుకులా ఒళ్లో కూర్చోబెట్టుకుంది. ముద్దు చేసిన కొడుకు ఊరుకుంటాడా? 2025 ఖరీఫ్‌లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాడి దర్శనానికి బారులు తీరాం. కాళ్లు నొప్పి పుట్టి మనుషులు చెట్టు కిందికి పోతే వరసలో చెప్పులు నిలబడ్డాయి. పాదుకా పట్టాభిషేకం రామాయణంతోనే అయిపోయిందనుకున్న వాళ్లకు అది ఎరువుల దుకాణం ముందు మళ్లీ కళ్లకు కట్టింది.

ఇంత హడావిడిలో గడ్డి వంటింట్లోకి తొంగి చూసినవాడు మాత్రం లేడు.

చల్లిన యూరియాను నేలలోని సూక్ష్మజీవులు చివరికి నైట్రేట్‌గా మారుస్తాయి. వేరు దాన్ని తాగుతుంది. గుర్తుంచుకోండి, నైట్రేట్ రొట్టె కాదు, పిండి. దాన్ని కాల్చి మాంసకృత్తు చేయడానికి గడ్డి దగ్గర ఒక పెనం ఉంది. అదే నైట్రేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్. ఆ పెనానికి రవ్వంత మాలిబ్డినం కావాలి, పొయ్యిలోకి ఎండ కావాలి. చీకటి పడితే నిమిషాల్లో చల్లబడుతుంది. నీళ్లు లేక ఆకు వడలితే చతికిలబడుతుంది. పాపం, కష్టపడదని కాదు. పిండి వచ్చేకొద్దీ గడ్డి కొత్త పెనాలు పెట్టుకుంటుంది కూడా. కానీ దేనికైనా ఓ హద్దుంది. ఆ హద్దు దాటాక కూడా మనం కుమ్మరిస్తూనే ఉంటాం, వేరు మింగుతూనే ఉంటుంది. కాలని పిండి అంతా కణంలోని గాదెల్లోకి చేరుతుంది. మొదలు దగ్గరి కాండంలో మరీ ఎక్కువ.

ఇక శ్రావణ మాసపు ముసురు నాలుగు రోజులు పట్టిందనుకోండి. పొయ్యి ఆరిపోయింది, పిండి మాత్రం ఆగలేదు. లేదా నెల రోజులు ఎండగట్టి ఒక్క వాన కురిసిందనుకోండి. వేరు కరువులో ఉన్నవాడు పెళ్లి భోజనం మీద పడ్డట్టు పడుతుంది. పైనుంచి చూస్తే చేను పచ్చగా, నిగనిగలాడుతూ, ఫొటోకు సిద్ధంగా ఉంటుంది. పచ్చగా ఉండటం వేరు, పచ్చిగా ఉండటం వేరు అని తెలుగు నేర్చినవాళ్లకు చెప్పాల్సి రావడమే విచిత్రం.

గడ్డిని పరీక్ష చేయించాం కదా అంటారు. చేయించారు. మొత్తం నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చవేస్తే ‘ముడి మాంసకృత్తులు’ తేలతాయి. గడ్డిని మండించి కొలిచే పద్ధతిలో అయితే నైట్రేట్‌లోని నత్రజని కూడా మాంసకృత్తుగానే నమోదవుతుంది. అంటే కాలని పిండిని కూడా రొట్టెల ఖాతాలో రాశారన్నమాట. సమీక్షా సమావేశాల్లో దీన్నే ప్రగతి అంటారు.

ఈ ప్రగతిని నమిలేది మంత్రిగారు కాదు, ఆవు. 1895లోనే అమెరికాలోని కాన్సస్‌లో మొక్కజొన్న చొప్ప తిన్న పశువులు చచ్చిపోతే, చొప్పలో దొరికింది సూరేకారం. అదే, దీపావళి మందులో కూరేది. ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు నైట్రేట్‌ను నైట్రైట్‌గా చకచకా మారుస్తాయి. నైట్రైట్‌ను అమ్మోనియాగా మార్చడంలో నింపాదిగా ఉంటాయి. మధ్యలో మిగిలిపోయిన నైట్రైట్ నెత్తురులోకి దిగి హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు మోయలేని సరుకుగా మార్చేస్తుంది. నెత్తురు చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. ఊరినిండా గాలి ఉండగా ఆవు ఊపిరాడక కూలిపోతుంది.

అప్పుడు మొదలవుతుంది మన విచారణ. ఒకరు దిష్టి అంటారు. ఒకరు నాము తగిలిందంటారు. లేత జొన్న పిలకల నాము సైనైడ్ విషం, అందులో నెత్తురు ఎర్రగా మెరుస్తుంది, మందు వేరు. నైట్రేట్‌కు పశువైద్యుడు సమయానికి వచ్చి నరంలోకి మిథిలీన్ బ్లూ ఎక్కించాలి. దుకాణదారు “నేను బస్తా అమ్మాను, గడ్డి అమ్మలేదు” అంటాడు. అధికారి దగ్గర లక్ష్యం చేరిన పట్టిక ఉంటుంది. నాయకుడి దగ్గర మరో రెండు లారీల యూరియా వస్తోందన్న శుభవార్త ఉంటుంది.

జాగ్రత్తలు లేవా? ఉన్నాయి, అన్నీ ఉచితమే. తెల్లారగట్ల కాకుండా ఎండ బాగా కాసిన మధ్యాహ్నం కోయండి. అడుగున ముప్పావు అడుగు దుబ్బు వదిలేయండి. కరువు తర్వాత వాన పడితే వారం ఆగండి. ఆకలితో ఉన్న పశువుకు ఒక్కసారిగా వేయకుండా వరిగడ్డి కలిపి అలవాటు చేయండి. ఎండబెడితే విషం పోదు, పాతర వేస్తే కొంత తగ్గుతుంది. అన్నిటికంటే ముందు, ముసురులోనూ బెట్టలోనూ బస్తా మూతి కట్టేయండి. ఇవేవీ బస్తాల్లో అమ్మే సరుకు కాదు గనుక వీటికి గోడల మీద రాతలు, మైకుల్లో ప్రచారం ఉండవు.

నిజానికి సామెతదేం తప్పు లేదు. పిండి కొద్దీ రొట్టె అన్న ఇల్లాలు పెనం ఎదురుగా కూర్చున్న మనిషి. పెనం ఎంత వెడల్పో ఆమెకు తెలుసు. పొయ్యి ఆరితే పిండి కలపదు. కాలని రొట్టె చంటిపిల్ల చేతికివ్వదు. మనం ఆమె మాటలో మొదటి ముక్క విన్నాం, లేచి వెళ్లి చెప్పులు వరసలో పెట్టాం.