గ్రీజుకు పద్దు లేదు

(రాజంపేటలో ఒక సమావేశ మందిరం. నవంబరు నెల, బయట మబ్బు. గోడకు బ్యానరు: “మారుతున్న ప్రపంచం – సంస్థల సన్నద్ధత: ఒకరోజు కార్యశాల.” వెనక బెంచీ మీద పాత పేపర్లో మిరపకాయ బజ్జీలు, పక్కన బొరుగులు.

పాత్రలు: కన్సల్టెంట్ – బెంగళూరు నుంచి పొద్దున్నే కారులో దిగినాయన. పెద్దసారు – సభాధ్యక్షుడు. మిల్లు మామ – ముగ్గురాయి పొడి కొట్టే మిల్లు యజమాని. కువైట్ అన్న – సెలవుకొచ్చిన డ్రైవరు. లస్కర్ తాత – ముప్పై ఏళ్లు గేటు తిప్పి రిటైరైన మనిషి.)

కన్సల్టెంట్: మిత్రులారా! మనమంతా ఇప్పుడు వూకా ప్రపంచంలో ఉన్నాం.

మిల్లు మామ: ఊకా? మరి వడ్లు ఎవురు ఎత్తకపోయినారు సార్?

కన్సల్టెంట్: ఊక కాదండీ, వూకా. అమెరికా సైనిక కళాశాలలో పుట్టిన మాట. నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు. అస్థిరత, అనిశ్చితి, సంక్లిష్టత, సందిగ్ధత.

లస్కర్ తాత: ఆ నాలుగూ కలిపి మేం వానదేవుడంటాం నాయనా.

పెద్దసారు: ప్రశ్నలు చివర్లో. బజ్జీల తర్వాత.

కన్సల్టెంట్: మొదటి ధోరణి, ఇంధనం. ప్రపంచం చమురు వదిలి బ్యాటరీల వైపు నడుస్తోంది. ఆ సెగ ఇక్కడి దాకా రావడానికి ఇంకో పదేళ్లు...

మిల్లు మామ: వచ్చింది, పోయింది, మళ్లా వచ్చింది సార్. మంగంపేట ముగ్గురాయి యాడికి పోతాదనుకున్నారు, వాకిట్లో ముగ్గులేసేదానికా? నూనె బావి తవ్వేటప్పుడు లోపలి గ్యాసు ఎగదన్నకుండా బురదలో కలిపేది ఆ పొడే. నీళ్లకంటే నాలుగింతలకు పైనే బరువు. 2020 ఏప్రిల్లో అమెరికాలో పీపా నూనె ధర సున్నా కిందికి దిగె. ఆడ రిగ్గు నిలబడితే ఈడ నా మిల్లు బెల్టు నిలబడతాది. మా ఆడోళ్లు పొద్దున్నే బంగారు ధర చూస్తారు, నేను నూనె ధర చూస్తా.

కన్సల్టెంట్: అద్భుతం! దీన్నే మేం ‘ముందస్తు సంకేతాలను పసిగట్టే వ్యవస్థ’ అంటాం.

మిల్లు మామ: మేం బ్యాంకు కిస్తీ అంటాం సార్.

కన్సల్టెంట్: రెండో ధోరణి, శ్రామికుల వలస. ఒక దేశం చట్టం మారితే ఇంకో దేశంలో పొయ్యి ఆరిపోతుంది. మీలో ఎంతమందికి ప్రత్యామ్నాయ ప్రణాళిక ఉంది?

కువైట్ అన్న: మా ఇంట్లో ఉండాది సార్, రేకు పెట్టెలో. 1990 ఆగస్టులో సద్దాం సైన్యం కువైట్లోకి దూరినప్పుడు మా నాయన ఆడనే ఉన్నాడు. బాగ్దాదు మీదుగా అమ్మాన్ దాకా బస్సుల్లో పడి పోయి, ఆడ మనోళ్ల విమానం ఎక్కి, కట్టుబట్టల్తో ఇల్లు చేరినాడు. ఆపొద్దు మా యమ్మ పెట్టిన పెట్టె అది. పాస్‌పోర్టు జిరాక్సు, అకామా – అంటే ఆడ ఉండేదానికి పర్మిట్టు – దాని జిరాక్సు, కఫీలు, అంటే పనికి పెట్టుకున్న సేటు, ఆయన ఫోను నంబరు, అన్నిటికీ అడుగున తోట పట్టా. తోట మాత్రం అమ్మేది లేదని పెట్టె మూత మీద చెయ్యేసి ఒట్టు వేయించుకునింది.

కన్సల్టెంట్: మరి డ్రైవరు లేని కార్లు వస్తున్నాయి కదా! మీ సంగతి?

కువైట్ అన్న: అందుకే తమ్మునికి ఏసీ మెకానిక్కు పని నేర్పిస్తాండా. కారు తనంతట తాను నడుస్తాదేమో గానీ, ఆ ఎండలకు ఏసీ లేకుండా ఎవురూ బతకరు.

కన్సల్టెంట్: (కొంచెం చిన్నబోయి) ఇది నా ఇరవైమూడో స్లైడు. మీకెలా తెలిసింది?

పెద్దసారు: మనవాళ్లు చురుకైనవాళ్లండీ. ముందుకు పోనివ్వండి.

కన్సల్టెంట్: మూడోది, వాతావరణం. ‘వందేళ్లకోసారి’ అనుకున్న వరదలు ఇకపై తరచుగా రావచ్చు. కరువు ప్రాంతాలకూ మినహాయింపు లేదు. సంస్థలు రేపటిని ఊహించాలి.

లస్కర్ తాత: ఆ రేపు మాకు 2021 నవంబరు 19నే తెల్లారింది నాయనా.

(ఎవరూ మాట్లాడరు. ఈ ఊళ్లో ఆ తేదీకి వివరణ అక్కర్లేదు. బయటి మనిషికి మాత్రం కావాలి.)

లస్కర్ తాత: కార్తీక పున్నమి. గుళ్లో దీపాలు పెట్టుకునే దినం. పైన పింఛా కట్ట తెగింది. ఆ నీళ్లన్నీ చెయ్యేట్లో పడి కిందికొచ్చినాయి, అన్నమయ్య ప్రాజెక్టు కట్టా పోయింది. పులపుత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు – నిద్దర మబ్బులోనే ఊళ్ల మీద ఏరు పడింది. నందలూరు కాడ రైలు పట్టాలే కొట్టుకపోయినాయి. అయిదు గేట్లుంటే, అందులో ఒకటి లేవలేదు.

పెద్దసారు: తాతా, న్యాయంగా మాట్లాడాల. ఆ ప్రాజెక్టు వదలగలిగేది రెండు లక్షల చిల్లర క్యూసెక్కులు, వచ్చినవి మూడు లక్షల పైన. అయిదూ లేచినా...

లస్కర్ తాత: ఆ లెక్క నిజమే సార్. నీళ్లు మన మాట వినవు. గేటన్నా వినాల కదా! మన చేతిలో లేనిదీ, మన చేతిలో ఉన్నిదీ ఒకే గోతంలో పోసి, ‘ప్రకృతి వైపరీత్యం’ అని మూతి కుట్టేస్తే ఎట్ల?

కన్సల్టెంట్: సరిగ్గా దీనికే మా దగ్గర పన్నెండు అంశాల ఆధునిక నమూనా...

లస్కర్ తాత: పన్నెండా? మా దగ్గరా పన్నెండే. పోరుమామిళ్ల చెరువు చూసినారా? 1369లో బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించినాడు. వెయ్యి మంది కూలోళ్లు, నూరు బండ్లు, రెండేండ్లు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అని శాసనం వేయించినాడు. మా వాడు అయివారు, చదివి చెప్పినాడు.

కన్సల్టెంట్: (పెన్ను తీసి) దాని లింకు పంపగలరా?

లస్కర్ తాత: రాతి మీదుంది నాయనా, మనమే పోవాల. అందులో ఒక దోషం – నీళ్లెక్కువ, చోటు తక్కువ. ఆరువందల యాభై ఏండ్ల కిందట, వానకు మొగం వాచిన మా సీమలో రాసిన మాట! ఇంకో దోషం – చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం.

పెద్దసారు: ఇప్పుడు రాజ్యాలు యాడుండాయి తాతా?

లస్కర్ తాత: శాఖలుండాయి కదా సార్. గేటు ఒకరిది, మోటరు ఇంకొకరిది, మోటరుకొచ్చే కరెంటు మూడోవాళ్లది. గేటు ఇరుక్కుంటే ముగ్గురూ వచ్చి, ఎవురి సరిహద్దులో వాళ్లు నిలబడుకొని చూస్తారు.

కన్సల్టెంట్: మీ అనుభవంలో అసలు అడ్డంకి ఏమిటి? నాయకత్వమా? సంస్కృతా?

లస్కర్ తాత: గ్రీజు.

కన్సల్టెంట్: క్షమించాలి?

లస్కర్ తాత: నాది వేరే ఏరు, చిన్న గేటు. ఏటా వానలకు ముందర ఇనుపతాడుకు, పండ్లచక్రాలకు పూసేదానికి ఒక డబ్బా గ్రీజు అడిగేటోడ్ని. ‘గ్రీజుకు పద్దు లేదు’ అనేటోళ్లు. గేటు తుప్పుపట్టి బిగుసుకుంటే కొత్తది వేసేదానికి మాత్రం పద్దుండాదంట. చేసేదేముంది, నా జీతంలో కొని పూసేటోడ్ని. మా ఆడది ‘ఆ గేటును చేసుకునింటే పోయేది కదా’ అని తిట్టేది.

(ఉరుము. ఒక్కసారిగా వాన. కిటికీలోంచి జల్లు వచ్చి ప్రొజెక్టరు మీద పడుతుంది.)

కన్సల్టెంట్: అయ్యో, ల్యాప్‌టాప్! కిటికీ వేయండి!

పెద్దసారు: (రెక్క లాగి) గడియ రావడం లేదు. తుప్పు. దీనికి ఎస్టిమేటు పంపి రెండేళ్లయింది.

మిల్లు మామ: సుత్తి ఉందా?

కువైట్ అన్న: సుత్తితో కొడితే విరుగుతాది మామా.

కన్సల్టెంట్: ముందు మూలకారణాన్ని విశ్లేషిద్దాం...

(లస్కర్ తాత లేచి వెనక బెంచీ దగ్గరికి పోతాడు. బజ్జీల కింద నూనె పీల్చి అద్దంలా మెరుస్తున్న పేపరు చించి, గడియ చుట్టూ తిప్పి పిండుతాడు. నూనె తుప్పులోకి ఇంకేదాకా ఆగి, బొటనవేలితో ఇటు కొంచెం, అటు కొంచెం కదిలిస్తాడు. గడియ కిర్రుమని ఒకసారి, తర్వాత చప్పుడు లేకుండా జారి చిల్లులో కూర్చుంటుంది. వాన బయటే ఆగిపోతుంది.)

కన్సల్టెంట్: (తడిసిన స్లైడ్ల కట్ట తుడుచుకుంటూ) నలభై ఎనిమిదో స్లైడులో ఉంది ఇదే... ‘ఉన్న వనరులతో చురుకైన స్పందన’.

మిల్లు మామ: స్లైడుకు నూనె కారదు కదా సార్.

పెద్దసారు: (రిజిస్టరు తెరిచి, ఇబ్బందిగా) మినిట్స్ రాయాల. కిటికీ మరమ్మతు జరిగింది, నూనె వాడినాం... ఆడిట్ వాళ్లు అడుగుతారు. ఏ పద్దు కింద చూపేది?

లస్కర్ తాత: బజ్జీల కింద రాసుకోండి సార్. దానికి ఏనాడూ పద్దు లేకుండా పోలేదు.