తాగేవాడే కాపలా ఉన్న రోజులు

మా ఊరు నక్కవాగు ఒడ్డున ఉంది. పటాన్‌చెరు వైపు నుంచి వచ్చి మంజీరలో కలిసే వాగు అది. మా రోజుల్లో ఎండాకాలం వాగు సన్నబడ్డాక ఇసుకలో చెలిమె తోడేవాళ్ళం. మోచేతి లోతు తోడితే చాలు, నీళ్ళు ఊరేవి. మొదటి ఊట మడ్డిగా ఉంటుంది. దాన్ని చిప్పతో చిమ్మేస్తే రెండో ఊట తేటగా వచ్చేది. అవే తాగాం, పప్పు వాటితోనే ఉడికింది, చుట్టాలొస్తే చెంబుతో అవే అందించాం. ఇవాళ మనవణ్ణి అదే ఒడ్డుకు తీసుకెళ్తే ముక్కు మూసుకుంటాడు. వాడి తప్పేమీ లేదు. వాడు పుట్టేనాటికే ఆ నీళ్ళను ఎవరూ ముట్టకుండా చేసి పెట్టారు.

మా రోజుల్లో కాలుష్యం అనే మాట మా ఊళ్ళో ఎవరూ ఎరగరు. కాలుష్య నియంత్రణ మండలి లేదు, పర్యావరణ అనుమతి లేదు, ప్రజాభిప్రాయ సేకరణ లేదు. ఉన్నవల్లా కట్టుబాట్లు. చెలిమెలు పైన, పశువులు దిగేది వాటి దిగువన, బట్టలు ఉతికేది ఇంకా దిగువన. చెరువు తూము తియ్యడానికి నీరటి ఉండేవాడు. ఎవడి మడికి ఎన్ని నీళ్ళో అతనికి తెలుసు, చెరువులో ఎవడు ఏం పారేశాడో కూడా అతనికి తెలుసు. కట్ట మీద మైసమ్మ ఉందన్న భయం ఒకటి. నలుగురిలో నిలబెట్టి అడుగుతారన్న సిగ్గు ఒకటి. అన్నిటికంటే పెద్ద కట్టు ఇంకొకటి ఉంది. నీళ్ళు పాడుచేసినవాడు సాయంత్రం ఇంటికెళ్ళి ఆ నీళ్ళే తాగాలి. వాడి పిల్లలూ అవే తాగాలి.

మా రోజులన్నీ బంగారమని నేననను. దిగుడు బావుల నీళ్ళు తాగి నారి కురుపుతో నెలల తరబడి మంచాన పడ్డవాళ్ళను చూశాను. కలరా వచ్చిన ఏడు ఊరికి ఊరే వణికింది. కులం పేరు చెప్పి కొందరిని బావి దగ్గరికి రానివ్వని అన్యాయమూ ఆ కట్టుబాట్లలోనే ఉంది. దాన్ని వెనకేసుకు రావడానికి నాకు నోరు రాదు. ప్రభుత్వం పూనుకుంది కాబట్టే నారి కురుపు పోయింది. 2000లో మన దేశానికి ఆ రోగం నుంచి విముక్తి దొరికినట్టు ప్రకటించారు. అంటే సర్కారు గట్టిగా తలుచుకుంటే నీళ్ళను బాగుచేయగలదు. నా కోపం అంతా అందుకే. చేతకాక చెడిన వాగు కాదు ఇది.

చట్టాలు వచ్చిన వరసను, మా వాగు చెడిన వరసను పక్కపక్కన పెట్టి చూడండి. 1972లో స్టాక్‌హోమ్‌లో పర్యావరణం మీద ప్రపంచ సభ జరిగింది. ఇందిరాగాంధీ వెళ్ళి మాట్లాడి వచ్చారు. 1974లో నీటి కాలుష్య నివారణ చట్టం వచ్చింది. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలోనే 48ఏ అధికరణం చేర్చి, పర్యావరణాన్ని కాపాడటం రాజ్యం పని అన్నారు. 51ఏ చేర్చి అది పౌరుడి విధి కూడా అన్నారు. సరిగ్గా ఆ డెబ్భైల్లోనే పటాన్‌చెరులో పారిశ్రామికవాడ లేచింది. మందుల ఫ్యాక్టరీలు, రసాయనాల ఫ్యాక్టరీలు వరసగా వచ్చాయి. మా ఊరి కుర్రాళ్ళకు ఉద్యోగాలొస్తాయని మేమూ సంతోషించాం. 1981లో గాలి కాలుష్య చట్టం. 1984 డిసెంబరులో భోపాల్‌లో విషవాయువు వేలమందిని పొట్టన పెట్టుకుంటే, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం. ఢిల్లీలో ఒక్కో చట్టం పుడుతుంటే ఇక్కడ మా వాగు ఒక్కో రంగుకు తిరిగింది. ముందు నురగ, ఆ తర్వాత ఎరుపు, ఆ తర్వాత నలుపు. చేపలు తేలాయి. వాగు పక్క బావుల నీళ్ళు పెట్టిన వరి ఎర్రబారి తాలు పోయింది. చూడి బర్రెలు ఈసుకుపోయాయి.

1990లో ఈ గోడు సుప్రీంకోర్టుకు ఎక్కింది. కోర్టు ఆదేశాలతో జిల్లా జడ్జి విచారణ చేసి రైతుల నష్టం లెక్కగట్టారు. కొంత పరిహారం వచ్చింది. 2001లో ఆ కేసు హైకోర్టుకు మారింది, తర్వాత పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరింది. కేసు వేసిననాడు పుట్టిన పిల్లలు పెళ్ళిళ్ళు చేసుకుని తల్లిదండ్రులయ్యారు. మా రోజుల్లో గట్టు తగాదా రచ్చబండ దగ్గర రెండు పూటల్లో తేలేది. అలా తేలినవన్నీ న్యాయమేనని కాదు. కానీ తగువు తీర్చేవాడు వాగు ఒడ్డునే ఉండేవాడు, తీర్పు అమలైందో లేదో మర్నాడు పొద్దున్నే కళ్ళతో చూసేవాడు.

మధ్యలో స్వీడన్ శాస్త్రవేత్తలు వచ్చి ఫ్యాక్టరీల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళు పరీక్షించారు. 2007లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువన్నమాట. శుద్ధి చేశామన్న నీళ్ళ సంగతి అది. అలాంటి నీళ్ళలో పెరిగిన సూక్ష్మజీవులకు మందంటే లెక్క ఉండదని, రేపు ఆ మందు ఏ జబ్బుకూ పనిచేయకుండా పోతుందని డాక్టర్లు మొత్తుకుంటున్నారు. దీనికి దొరికిన ఉపాయమేమిటో తెలుసా? పైపులైను వేసి ఆ నీళ్ళను అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి తోలారు. అక్కణ్ణుంచి అవి మూసీలోకి పోతాయి. మంజీర బాధ మూసీకి మార్చారు. మూసీ నల్లగొండ పొలాల మీదుగా పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మా రోజుల్లో మన పెంట పక్కవాడి వాకిట్లో పోస్తే దాన్ని శుభ్రం చేయడం అనేవాళ్ళు కాదు.

చట్టం చేతికి అందదా అంటే, అందుతుంది. ఎంత దూరంలో అందుతుందో చెబుతాను. వానపడిన రాత్రి వాగులో ఘాటు వాసన వస్తుంది. వాన నీళ్ళలో కలిసిపోతాయన్న ధైర్యంతో ఎవరో వదిలేస్తారు. లేకపోతే ఏ అర్ధరాత్రో ట్యాంకరు వచ్చి నాలాలో పోసి పోతుంది. మా కుర్రాళ్ళు పరుగెత్తి సీసాలో పట్టి తెస్తారు. ఆ సీసా కోర్టులో సాక్ష్యం కాదు. నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం మండలి అధికారి రావాలి, ఫ్యాక్టరీవాళ్ళకు అక్కడికక్కడే నోటీసు ఇవ్వాలి, నమూనాను రెండు భాగాలు చేసి సీలు వేయాలి, గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపాలి. తప్పుడు కేసులు పెట్టకుండా ఆ పద్ధతి అవసరమే, కాదనను. కానీ అధికారి వచ్చేసరికి తెల్లారుతుంది, వాన వెలుస్తుంది, నీళ్ళు మంజీర దాటిపోతాయి. కళ్ళారా చూసినవాడి మాటకు విలువ లేదు, చూడనివాడి కాగితానికే విలువ.

హైదరాబాదు మంచినీటి చెరువుల సంగతి ఇంకా బాధ. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచితే, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 1996లో 111 నంబరు జీవో ఇచ్చి, ఆ రెండు చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల లోపల, 84 గ్రామాల పరిధిలో, కాలుష్యం చేసే పరిశ్రమలు, పెద్ద కట్టడాలు వద్దన్నారు. ఆ హద్దు లోపల ఒక నూనెల ఫ్యాక్టరీకి మినహాయింపు ఇస్తే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆ కేసులో 1999లో మన తెలుగు న్యాయమూర్తి ఎం. జగన్నాధరావు తీర్పు రాశారు. హాని జరుగుతుందని జనం రుజువు చేయనక్కర్లేదు, హాని జరగదని ఫ్యాక్టరీ పెట్టేవాడే రుజువు చేయాలని అందులో చెప్పారు. దేశమంతా లాయర్లు ఇప్పటికీ ఆ తీర్పు చూపిస్తారు. తీర్పు పుట్టిన గడ్డమీద మాత్రం 2022 ఏప్రిల్‌లో ఆ జీవో కట్టుబాట్లు తొలగిస్తూ 69 నంబరు జీవో ఇచ్చారు. పూర్వం చెరువు లోపలి శిఖం భూమిలో ఒక మడి కలుపుకున్నవాడు ఊరంతటికీ దొంగ. ఇప్పుడు శిఖంలో వెంచరు వేసినవాడు పెద్దమనిషి.

గాలి సంగతికొస్తే, మా ఇళ్ళల్లోనూ పొగ ఉండేది. కట్టెల పొయ్యి ఊదీ ఊదీ మా అమ్మ కళ్ళు పోగొట్టుకుంది. గ్యాసు పొయ్యి వచ్చి ఆడవాళ్ళను కాపాడింది, అది ఈ కాలపు మంచి. కానీ ఇల్లు వదిలిన పొగ ఇప్పుడు ఊరంతా ఆవరించింది. గాల్లో కలిసి ఊపిరితిత్తుల లోతుకు దిగే సన్నని ధూళి ఏడాది సగటున ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు దాటకూడదని 2009లో మన దేశం గీత గీసుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 5 చాలంది. మన గీతే అంత ఎత్తున ఉంది. గాలి బాగాలేని ఊళ్ళని కేంద్రం చేర్చిన జాబితాలో హైదరాబాదు, నల్లగొండలతో పాటు పటాన్‌చెరు, సంగారెడ్డి కూడా ఉన్నాయి. మా పిల్లలు మంచి గాలికోసం ఊరికొచ్చేవాళ్ళు. ఇప్పుడు రమ్మనడానికి నాకే మనసు రావడం లేదు.

చప్పుడు కూడా కాలుష్యమేనని 2000లో నిబంధనలు తెచ్చారు. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకు మోగకూడదు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్ల దాకా నిశ్శబ్ద మండలం. మా రోజుల్లో పెళ్ళి ఊరేగింపుకు డప్పు, సన్నాయి ఉండేవి. రోగి ఉన్న ఇంటి ముందుకు రాగానే డప్పు తనంతట తానే ఆగేది. ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇప్పుడు డీజే పెట్టె గుండె మీద గుద్దుతుంటే పసిపిల్లలు ఉలిక్కిపడి ఏడుస్తారు, ముసలివాళ్ళు తలుపులు బిగించుకుంటారు. ఫోన్ చేస్తే పోలీసు వస్తాడు, పావుగంట తగ్గుతుంది, ఆయన బండి మలుపు తిరగ్గానే మళ్ళీ మొదలు.

నేల మాట చెప్పాలంటే మోదుగాకు విస్తరి గుర్తొస్తుంది. పెళ్ళి భోజనాలయ్యాక విస్తళ్ళన్నీ పెంటకుప్పలో పడేవి, ఏడాది తిరిగేసరికి ఎరువై పొలానికి పోయేవి. ఇప్పుడు పెళ్ళి మండపం వెనక థర్మకోల్ పళ్ళేల గుట్ట. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ సామాన్లను 2022 జూలై 1 నుంచి నిషేధించారు. సంచి 120 మైక్రాన్ల కంటే పల్చగా ఉండకూడదన్నారు. మా అంగట్లో ఇవాళ్టికీ పల్చటి సంచిలోనే కూరగాయలు కట్టి ఇస్తారు. చిరువ్యాపారి మీద జరిమానా వేసి ఫొటో దిగుతారు. ఆ సంచి తయారుచేసే మిషను దగ్గరికి పోరు. వినాయకుడి సంగతీ అంతే. మా చెరువు మట్టితో చేసిన గణపయ్య ఆ చెరువులోనే కరిగిపోయేవాడు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు హుస్సేన్‌సాగర్‌లో వెయ్యొద్దని 2021లో హైకోర్టు అంటే, పండగ దగ్గరపడిందని సుప్రీంకోర్టుదాకా వెళ్ళి ఆ ఒక్క ఏడాదికి అనుమతి తెచ్చుకున్నారు. భక్తి మాకూ ఉండేది. చెరువును పాడుచేసే భక్తి మాకు తెలియదు.

ఇప్పుడు అసలు చట్టానికే పళ్ళు పీకారు. 1986 పర్యావరణ చట్టంలో ఉల్లంఘించినవాడికి ఐదేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉండేవి. 2023లో జన్ విశ్వాస్ చట్టం తెచ్చి ఆ జైలు మాట తీసేశారు. ఇక మీదట 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానా. అది కూడా కట్టకపోతేనే జైలు. కోట్లకు పడగలెత్తిన కంపెనీకి 15 లక్షలు ఒక ఖర్చు పద్దు. మా రోజుల్లో చెరువు పాడుచేసినవాడు డబ్బు కట్టి తప్పించుకోలేకపోయేవాడు. ఊరి మొహం చూడాల్సి వచ్చేది.

లోపం ఎక్కడుందో నాకు తెలిసినంతలో చెబుతాను. నీళ్ళు పాడుచేసేవాడు ఆ నీళ్ళు తాగడం మానేసిననాడే అన్నీ చెడ్డాయి. ఫ్యాక్టరీ యజమాని మా వాగు నీళ్ళు తాగడు. అనుమతి సంతకం పెట్టిన అధికారి తాగడు. ఆమోదించిన పారిశ్రామికవాడ లోపల పెట్టే ఫ్యాక్టరీకి ప్రజాభిప్రాయ సేకరణే అక్కర్లేదని 2006 పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ మినహాయింపు ఇచ్చింది. అంటే తాగేవాణ్ణి అడగనే అక్కర్లేదు. ఎన్ని చట్టాలు చేసినా, తాగేవాడికి అందులో చోటు లేకపోతే అవి బీరువాలోనే ఉంటాయి. వాగు పక్క గ్రామ పంచాయతీ సమక్షంలో తీసిన నమూనాకు చట్టబద్ధత ఇవ్వాలి. ఫ్యాక్టరీ వదిలే నీళ్ళ లెక్క ప్రతి నెలా పంచాయతీ గోడమీద తెలుగులో రాయాలి. అనుమతి ఇచ్చేముందు దిగువ ఊళ్ళన్నిటినీ అడగాలి.

అవి వచ్చేదాకా ఉన్నవాటినైనా వాడండి. ఇది కుర్రాళ్ళకు చెబుతున్నాను. ఏ ఫ్యాక్టరీకి ఏ షరతులతో అనుమతి ఉందో సమాచార హక్కు కింద మండలిని అడగండి. 1986 చట్టం ఉల్లంఘన మీద ఎవరైనా సరే ఫిర్యాదు చేయవచ్చు. 2010లో వచ్చిన హరిత ట్రిబ్యునల్‌లో పరిహారం అడగని దరఖాస్తుకు రుసుము వెయ్యి రూపాయలే. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. దక్షిణాది బెంచి చెన్నైలో ఉంది కదా అని వెనక్కి తగ్గకండి. హాని జరిగిన ఆరు నెలల్లోపు కదలాలని మాత్రం మర్చిపోకండి. ఊళ్ళో ఒక్కడు పోతే వాడి మీద కన్నేస్తారు. గ్రామసభలో తీర్మానం చేసి ఊరంతా కలిసి పొండి. మేము నోరు మూసుకుని ఊరుకోలేదు, ధర్నాలు చేశాం, జైలుకూ పోయాం. మాకు ఓపిక అయిపోయింది. మీ నీళ్ళకు మీరే కాపలా ఉండండి.