సీఈఓ కుర్చీలో బరంపురం కుర్రాడు

ఎంబీఏలో స్ట్రాటజిక్ మేనేజ్‌మెంట్ అని ఒక పేపరు ఉంటుంది. ప్రశ్న ఏదైనా అందులో జవాబు రాసేవాడి హోదా ఒక్కటే. "మీరొక బహుళజాతి కంపెనీకి సీఈఓ అనుకోండి" అని మొదలవుతుంది. బరంపురం కుర్రాడు బుద్ధిగా అనుకుంటాడు. మూడు గంటలసేపు అతని కింద లక్షమంది ఉద్యోగులు, ఇరవై దేశాల్లో ఫ్యాక్టరీలు. ఒకటి మూసేస్తాడు, రెండు కొంటాడు, బ్రెజిల్‌లో దుకాణం ఎత్తేస్తాడు. అదనపు కాగితాలు దారంతో కట్టి ఇచ్చేసి బయటికొచ్చాక, బస్సుకి చిల్లర ఉందో లేదో జేబు తడుముకుంటాడు.

ఈ విద్యకి పునాదులు వేసినవాళ్లు ఆషామాషీ మనుషులు కారు. 1908లో హార్వర్డు ఎంబీఏ మొదలుపెట్టింది. 1965లో ఆన్సాఫ్ గారు కార్పొరేట్ వ్యూహం మీద పుస్తకం రాశారు. 1979లో మైకేల్ పోర్టర్ గారొచ్చి, ఏ వ్యాపారం జాతకమైనా అయిదు శక్తుల చేతిలో ఉందన్నారు: కొనేవాడి బేరం, సరుకు అందించేవాడి బేరం, కొత్తగా దిగేవాడి బెడద, బదులు సరుకు బెడద, ఉన్నవాళ్లలో ఉన్నవాళ్లకి కుమ్ములాట. ఈ అయిదూ కంఠతా వస్తే మార్కులకి ఢోకా లేదు. ఇదే పోర్టర్ గారు మరికొందరితో కలిసి పెట్టిన మానిటర్ అనే సలహాల కంపెనీ 2012 నవంబరులో దివాలా పిటిషను వేసింది, తర్వాత దాన్ని డెలాయిట్ కొనుక్కుంది. దాన్ని కాటేసింది అయిదింటిలో ఏ శక్తో ఏ క్లాసులోనూ చెప్పగా వినలేదు. ఆరోదేమో.

మా ఊళ్లో 1967 నుంచీ విశ్వవిద్యాలయం ఉంది. చుట్టూ ప్రైవేటు కాలేజీలూ లేచాయి. ఎంబీఏలో చేరినవాణ్ణి కాస్త కదిపి చూడండి. మొదట బ్యాంకు పరీక్ష, ఆ తర్వాత రైల్వే, రెండూ మొహం చాటేశాక ఇది అని బయటపడుతుంది. ఇందులో నామోషీ ఏమీ లేదు. ఈ ఊళ్లోనే పుట్టిన వి.వి.గిరి గారు 1969లో స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలబడితే, తొలి లెక్కలో కోటా అందలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాకే సంజీవరెడ్డి గారి మీద గట్టెక్కారు. రెండో ప్రాధాన్యంతో రాష్ట్రపతి భవన్‌కే వెళ్లొచ్చని చూపించిన ఊరికి ఎంబీఏ ఒక లెక్కా?

క్లాసులో చెప్పే కేసులన్నీ సముద్రాల అవతలివి. కోడాక్ ఎందుకు మునిగింది, నోకియా ఎందుకు మునిగింది. ఊరు దాటి ఋషికుల్య ఒడ్డున జౌగడ దాకా వెళ్తే అంతకంటే పాత కేసు రాతి మీదే చెక్కి ఉంది. మిగతాచోట్ల పద్నాలుగు శాసనాలు వేయించిన అశోక చక్రవర్తి ఇక్కడా, ధౌలిలోనూ పదకొండు, పన్నెండు, పదమూడు ఎగ్గొట్టాడు. ఆ పదమూడోదాంట్లో ఏముందయ్యా అంటే, కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చారనీ, తనకి మనసు కలతపడిందనీ ఉంది. అటు గాంధారంలో షాబాజ్‌గఢీ వాళ్లకి చెప్పాడు, ఇటు సౌరాష్ట్రలో గిర్నార్ వాళ్లకి చెప్పాడు. దెబ్బతిన్న కళింగులకి మాత్రం ఆ ముక్క చెప్పలేదు. వాళ్లకోసం విడిగా రెండు శాసనాలు రాయించాడు. మనుషులంతా తన బిడ్డల్లాంటివాళ్లేననీ, అధికారులు ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేయాలనీ వాటి సారాంశం. ఏ మార్కెట్‌లో ఏ ప్రకటన విడుదల చెయ్యాలో అంత తెలిసినవాడికి గౌరవ డాక్టరేట్ ఇవ్వకపోవడం మా ప్రొఫెసర్ల అశ్రద్ధ.

మా గంజాం జిల్లాకి ఆనాటి నుంచీ వ్యూహాల కరువు రాలేదు. ఎటొచ్చీ, వేసేవాళ్లు ఎప్పుడూ వేరే ఊళ్లో ఉంటారు. 1936 ఏప్రిల్ 1న మా తాతలు మద్రాసు ఖాతాలో పడుకుని ఒరిస్సా ఖాతాలో లేచారు. విలీనమూ, విభజనా ఒకే రాత్రిలో అయిపోయాయి. 1990లలో టాటా వారు గోపాల్‌పూర్ దగ్గర ఉక్కు ఫ్యాక్టరీ అన్నారు. భూమి తీసుకున్నారు, మొగలి పొదలున్న పల్లెలు ఎదురు తిరిగాయి, ఉక్కు రాలేదు. చాన్నాళ్లకి అదే నేల మీద ఫెర్రోక్రోమ్ ఫ్యాక్టరీ, ప్రత్యేక ఆర్థిక మండలం వెలిశాయి. పుస్తకంలో దీన్ని పోర్ట్‌ఫోలియో సర్దుబాటు అంటారు. పల్లెలో ఏమంటారో పత్రికలో అచ్చెయ్యలేం. 2024లో గోపాల్‌పూర్ రేవులో 95 శాతం వాటా అదానీ వారు కొంటున్నట్టు ప్రకటించారు. మా కుర్రాళ్లు దాని మీద సెమినార్ పేపరు సమర్పించారు. అదానీ వారి తరఫున.

ఇక పోర్టర్ గారిని నిలబెట్టి పరీక్షించాలంటే మొగలిపువ్వు చాలు. దేశంలో వాడే కేవడా అత్తరులో, కేవడా నీళ్లలో ఎక్కువ భాగం గంజాం తీరం నుంచే వెళ్తుంది. భౌగోళిక గుర్తింపు ముద్ర కూడా పడింది. అంటే పోటీదారు లేడు, కొత్తగా దిగుదామనుకున్నవాడికి ఇలాంటి నేలా, గాలీ దొరకవు. పుస్తకం లెక్కన పువ్వు కోసేవాడు ఈపాటికి కోటీశ్వరుడు కావాలి. కాలేదు. ఆ పువ్వు తెల్లవారుతూనే కోసి ఆ పూటే రాగి డేగులో పెట్టి వండాలి. పొద్దెక్కితే వాసనా పోతుంది, బేరమూ పోతుంది. బట్టీవాడికి తొందర లేదు. బట్టీవాడి మీద కన్నౌజు వర్తకుడున్నాడు, ఆయనకి అసలే తొందర లేదు. ఆయన మీద పాన్‌మసాలా, గుట్కా కంపెనీలు. 2012, 13లలో రాష్ట్రాలు వరసపెట్టి గుట్కాని నిషేధించాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటి మొగలి పొదల్ని పెళ్లగించింది. ఒకటి ఆరోగ్య శాఖ చేసిన పని, ఒకటి వాయుదేవుడు చేసిన పని. అయిదింటిలో ఇద్దరికీ చోటు లేదు.

పట్టు సంగతి రెండు ముక్కల్లో ముగిస్తాను, ఎందుకంటే అదీ ముగిసేట్టే ఉంది. బరంపురం పట్టుచీరకీ, మగవాళ్లు కట్టే పట్టు జోడాకీ కూడా భౌగోళిక గుర్తింపు ఉంది. రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చామని చెప్పుకునే దేరా కులస్థుల మగ్గాలు మాత్రం ఏటికేడు తగ్గుతున్నాయి. రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్రలో వాళ్ల పెద్ద దేశిబెహరాకి దక్కే మర్యాద మగ్గానికి దక్కడం లేదు. సంస్థకి మూలబలం ఏదో పట్టుకోండి అని ప్రహ్లాద్, హామెల్ 1990లోనే రాశారు. గంజాం మూలబలం నేత అని ఒప్పుకోవాలి. కాకపోతే పట్టు మగ్గం ఇక్కడ ఆగిపోతోంది, సింథటిక్ గుడ్డ నేసే మరమగ్గం నడపడానికి ఇక్కడి మనిషి సూరత్ వెళ్తున్నాడు.

సూరత్ మాట వచ్చింది కాబట్టి కాస్త ఆగాలి. ఒకప్పుడు గోపాల్‌పూర్‌లో స్టీమరెక్కి రంగూన్ వెళ్లేవారు, ఇప్పుడు బరంపురం స్టేషన్లో రైలెక్కి సూరత్ వెళ్తున్నారు. లక్షల మంది. అక్కడి కంపెనీల్లో మానవ వనరుల విభాగం పేరుకైనా కనపడదు. పని ఇప్పించేది బావమరిది, నేర్పేది ఊరివాడు, జామీను బంధువు. పన్నెండు గంటల షిఫ్టు, నేసిన మీటర్లను బట్టి కూలి. మెస్సు గదిలో ఒకే పరుపు మీద పగలొకడు, రాత్రొకడు పడుకుంటారు. ఆస్తుల పూర్తి వినియోగం అని పుస్తకంలో అధ్యాయం ఉంది కదా, ఆ పరుపు ఫోటో వేసుకోవచ్చు. ఖాళీగా ఉండని ఆస్తి అదొక్కటే. మన ఎంబీఏ వాడికి కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్ ఉంది, బ్రోషర్ ఉంది, టై కట్టుకున్న ఫోటో ఉంది. పదో తరగతి తప్పిన అతని చిన్ననాటి స్నేహితుడు సూరత్ చేరిన మర్నాడే మగ్గం దగ్గర నిలబడ్డాడు. చెవులు చిల్లులుపడే మోత, చేతికి అందీ అందని కూలి. అయినా పండక్కి వచ్చినప్పుడు టిఫిన్ డబ్బులిచ్చేది వాడే.

ఇంతకీ మన కుర్రాడికీ ఉద్యోగం వచ్చింది. చిన్న చిన్న అప్పులిచ్చే కంపెనీలో ఫీల్డ్ ఆఫీసరు. బైకు తనది, పెట్రోలు తనది, టార్గెట్ వాళ్లది. టాబ్‌లో ఒక ఫారం ఇచ్చారు. అప్పు అడిగేవాళ్ల బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు నింపాలి. బరంపురం అంటే అప్పడాలు, వడియాలు, ఊరగాయలు కదా. మొదటి రోజే ఒక అప్పడాల మామ్మగారింటికి వెళ్లాడు. పెరట్లో ఆరుగురు ఆడవాళ్లు ఉండలు చేసి ఒత్తుతున్నారు.

"మామ్మగారూ, మీ వ్యాపార వ్యూహం ఏమిటండీ?"

"ముసురు పట్టిందంటే పిండి దంచను. బజారు కొట్లకి అరువివ్వను. మినప్పప్పు పిరమైనా అప్పడం చిన్నది చెయ్యను, రేటే పెంచుతాను. అంతే బాబూ."

ఏం చెయ్యకూడదో ఎంచుకోవడమే వ్యూహమని పోర్టర్ గారు 1996లో పెద్ద వ్యాసం రాశారు. అది మనవాడు చదివాడు, పరీక్షలో రాశాడు కూడా. ఇక్కడ మాత్రం ఫారంలో 'కాలానుగుణ ముప్పు: తీవ్రం, విస్తరణ దృష్టి: లేదు' అని కొట్టాడు.

"మీకు పోటీ ఎవరండీ?"

"వెనక వీధోళ్లు."

"వాళ్లని ఎలా ఎదుర్కొంటున్నారు?"

"ఎదుర్కోడం ఏటి? ఆళ్లకి ఇంగువ నానే కదా అమ్ముతాను."

ఆ జవాబుకి ఫారంలో గడి కనపడలేదు. వదిలేసి అసలు విషయానికొచ్చాడు. యాభైవేలు, వారం వారం కట్టుబడి, వడ్డీ ఇరవై నాలుగు శాతం. మామ్మగారు చేతి పిండి దులుపుకుని, ఆరబెట్టిన వరసలో ఒక అప్పడం తిరగేసి వేసి, కుర్రాణ్ణి జాలిగా చూసింది.

"ఇరవై నాలుగా? ఏటి బాబూ, మీ కంపెనీకి అంత ఇబ్బందిగా ఉందా? కావాలంటే నానే పద్దెనిమిదికి ఇస్తాను. ష్యూరిటీ సంతకానికి మీ మేనేజరుని ఒకసారి రమ్మను."