మూడో లెవెల్లో దైవదర్శనం

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆట లోకంలో దేవుళ్లకూ దయ్యాలకూ ఆఫీసు వేళలు పెట్టారు. 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ప్రకారం పన్నెండు క్లాసుల వాళ్లూ తమ సబ్‌క్లాసును, అంటే ఆ క్లాసులో తమ ప్రత్యేక శాఖను, మూడో లెవెల్లోనే ఎంచుకోవాలి. భక్తురాలైనా, దొంగయినా, దయ్యంతో బేరం కుదుర్చుకున్నవాడైనా అందరిదీ ఒకటే ముహూర్తం.

2014 పుస్తకంలో ఈ వరస వేరు. క్లెరిక్, సార్సరర్, వార్‌లాక్ మొదటి లెవెల్లో, డ్రూయిడ్, విజార్డ్ రెండో లెవెల్లో, మిగతా ఏడుగురూ మూడో లెవెల్లో ఎంచుకునేవారు. పైకి గజిబిజిగా కనిపించినా అందులో కాస్త ఇంగితం ఉంది. నెత్తుటిలో ఉన్నదీ, మొక్కుకున్నదీ ముందు తెలుస్తాయి. సాధనతో పట్టుబడేది తర్వాత తెలుస్తుంది. కత్తి పట్టిన కొత్తలోనే ఫైటర్‌కు తన బాణీ తెలియకపోతే తప్పేం లేదు.

ఇప్పుడు క్లెరిక్ సంగతి చూడండి. మొదటి లెవెల్లోనే గాయాలు మాన్పుతుంది. రెండో లెవెల్లో చానెల్ డివినిటీ పేరుతో సాక్షాత్తూ దైవశక్తినే దించుతుంది. ఆ శక్తి ప్రాణం పోసేదో, యుద్ధం చేయించేదో, మాయోపాయాలు నేర్పేదో మాత్రం మూడో లెవెల్ దాకా తేలదు. షీటు మీద దేవుడి పేరు రాసుకోవచ్చు, కాదనేవారు లేరు. స్వామివారి శాఖ మాత్రం తర్వాత ప్రకటిస్తారు.

సార్సరర్‌ది ఇంకో చోద్యం. వంశంలో డ్రాగన్ రక్తం ఉందంటే అది పుట్టుకతో వచ్చినదే కదా? కాదట. మూడో లెవెల్‌కు 900 అనుభవ పాయింట్లు కావాలి. ఒక గాబ్లిన్‌ను చంపితే వచ్చేవి 50. జట్టులో నలుగురుండి పంచుకుంటే లెక్క 72 గాబ్లిన్లకు తేలుతుంది. అన్ని శవాలు లేస్తే గానీ తాతగారెవరో మనవడికి తెలియదు.

అందరికన్నా ధైర్యశాలి వార్‌లాక్. అవతలి పక్షం పేరు ఖాళీగా వదిలేసిన ఒప్పందం మీద మొదటి లెవెల్లోనే సంతకం పెట్టి, శక్తులు పుచ్చుకుని, వాడుకుంటూ ఉంటాడు. ఆత్మ ఎవరి దగ్గర తాకట్టులో ఉందో మూడో లెవెల్లో తీరిగ్గా నిర్ణయించుకుంటాడు.

ఇదంతా కొత్త ఆటగాళ్ల సౌకర్యం కోసమే అంటారు. అదే పుస్తకం అదే కొత్తవాణ్ణి మొదటి రోజే క్లాస్ ఎంచుకో, జాతి ఎంచుకో, బ్యాక్‌గ్రౌండ్ ఎంచుకో అంటుంది. క్లెరిక్ అయితే పైగా మూడు క్యాంట్రిప్‌లూ నాలుగు మంత్రాలూ ఏరుకోవాలి. ఇన్ని ఎంపికలకు తిరగని కళ్లు, నీ దేవుడు దేనికి అధిపతి అని అడిగితే మాత్రం గిర్రున తిరుగుతాయట!

రెండో వాదన కాస్త బరువైనది: మొదటి లెవెల్లోనే వరాలిస్తే ఆటగాళ్లు దొంగదారి పడతారట. 2017లో వచ్చిన జనాథర్స్ గైడ్‌లో హెక్స్‌బ్లేడ్ అనే వార్‌లాక్ సబ్‌క్లాస్ ఉంది. కరిష్మాతోనే కత్తి తిప్పే వరం మొదటి లెవెల్లోనే దొరికేది. దాంతో పాలడిన్లు ఒక్క లెవెల్ పాటు అటు వెళ్లి, వరం పట్టుకుని, మళ్లీ ధర్మమార్గంలోకి వచ్చేసేవారు. దొంగదారే, మూయాల్సిందే. ఆ ఒక్క వరాన్ని వెనక్కి జరిపితే సరిపోయేదానికి అందరి జాతకాలూ తిరగరాయడం ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమే.

ఎంపికను వాయిదా వేస్తే అది కథలోంచి పుడుతుందన్నది మరో భ్రమ. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో ప్రెస్టీజ్ క్లాసులు చాలా లెవెళ్లు దాటాక గానీ అందేవి కావు. ఫలితం? వాటికి కావలసిన అర్హతల కోసం ఆటగాళ్లు మొదటి లెవెల్ నుంచే లెక్కలు కట్టుకుని కూర్చున్నారు. తలుపు ఆలస్యంగా తెరిచినంత మాత్రాన కోరిక ఆలస్యంగా పుట్టదు. ఇవాళ కూడా ఆ వార్‌లాక్ మనసులో ఏ దయ్యం ఉందో బల్ల చుట్టూ కూర్చున్న అందరికీ తెలుసు, వార్‌లాక్‌కు తప్ప.

సమానత్వమే ధ్యేయమైతే సగంలో ఆగడమెందుకు? ఎల్ఫా మరుగుజ్జా అన్నది కూడా మూడో లెవెల్లోనే తేల్చండి. అప్పటిదాకా అందరూ ముసుగులు వేసుకుని తిరుగుతారు.

శక్తులు ఎప్పుడిచ్చినా మాకు అభ్యంతరం లేదు. మూడో లెవెల్లో ఇవ్వండి, పదో లెవెల్లో ఇవ్వండి. కానీ డంజియన్ మాస్టర్ గారూ, మొదటి రోజే పాచికలు చేతికివ్వకముందు క్లెరిక్‌ను ఎందుకు మొక్కావని, సార్సరర్‌ను ఎవరి బిడ్డవని, వార్‌లాక్‌ను ఎవరికి బాకీ పడ్డావని అడగండి. జవాబు లేనివాళ్లను ఫైటర్‌గా చేర్చుకోండి. వాళ్లకు నిజంగానే తొందరేం లేదు.