తలతిరుగుడుకు మినహాయింపు

సొంత విమానంలో దిగే దొరలను నిమిషాల్లో బయటికి పంపించేస్తామని దీవి దేశాలు పోటీలు పడి చాటుకుంటున్నాయి. మాల్దీవులదీ అదే పాట, బహామాస్‌దీ అదే పాట, బహ్రెయిన్‌దీ అదే పాట. లైన్లో నిలబడే పని లేదు. దొరగారు సోఫాలో కూర్చుని కాఫీ తాగుతుంటే పాస్‌పోర్టు ఎవరి చేతిలోనో వెళ్ళి ముద్ర వేయించుకుని వస్తుంది. తెలుగునాట కూడా ఈ మోజు బాగానే అంటుకుంది. కాంట్రాక్టరు గారి అబ్బాయి పుట్టినరోజైతే మాలే, హీరోగారి సినిమా ఆడితే మాలే, ఆడకపోతే మనశ్శాంతికి మళ్ళీ మాలే.

ఆ గాలి నెల్లూరు జిల్లా ఆత్మకూరు బస్టాండు దాకా వచ్చింది. "దగదర్తిలో రన్‌వే పడనీ బ్బా, జెట్లు మన కాడ్నించే పోతాయి" అని టీ గ్లాసు పట్టుకుని లెక్కలు కట్టేవాళ్ళకు కొదవ లేదు. 2019 జనవరిలో శంకుస్థాపన జరిగిన విమానాశ్రయం అది. తర్వాత రాష్ట్రంలో ప్రభుత్వం రెండుసార్లు మారింది. విమానమే రావాలి.

సరే, సోఫాలో కాఫీ చల్లారేలోపు ఏం జరుగుతుందో చూద్దాం. జనరల్ డిక్లరేషన్ అనే కాగితం ఒకటుంది. 1944లో షికాగోలో పలు దేశాలు కూర్చుని రాసుకున్న పౌర విమానయాన ఒప్పందానికి తొమ్మిదో అనుబంధం ఉంది. ఈ కాగితం నమూనా అందులోదే. విమానం ఎవరిది, దాని గుర్తు ఏమిటి, ఎక్కడ లేచింది, ఎక్కడ దిగింది, సిబ్బంది ఎవరు, ఎక్కినవాళ్ళు ఎందరు అని అడుగుతుంది. దోమల మందు ఎప్పుడు ఎక్కడ కొట్టారని కూడా అడుగుతుంది. కింద పైలట్ గాని, ఆయన తరఫు ఏజెంటు గాని సంతకం పెడతాడు. ప్రయాణికుడు పెన్ను పట్టుకునే అవసరం కూడా లేదు.

ఆ కాగితంలో ఆరోగ్యానికి కొంచెం చోటు ఇచ్చారు. విమానంలో ఎవరికైనా అంటుజబ్బు ఉండొచ్చనిపిస్తే రాయాలి. అయితే విమానం కుదుపులకు తల తిరగడం, వాంతులవడం లెక్కలోకి రావు. ప్రమాదంలో తగిలిన దెబ్బలూ రావు. ఎంత సుకుమారమైన మినహాయింపో చూడండి! ఆకాశంలో ద్రాక్షరసం కాస్త ఎక్కువై దొరగారికి కళ్ళు తిరిగితే అది రోగం కాదని 190కి పైగా దేశాలు ఒప్పుకున్నాయి. మిగతా రోగాలకు పైలట్ మాటే రుజువు.

బహ్రెయిన్‌లో ఇంకొందరు కూడా దిగుతారు. ఉదయగిరి, సీతారామపురం, దుత్తలూరు, వింజమూరు వైపు నుంచి ఖద్దామా (పనిమనిషి) వీసా మీద ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళు. ఎక్కువ మంది కువైట్‌కే వెళ్తారు, కొందరికి బహ్రెయిన్ రాసిపెట్టి ఉంటుంది. దొరలకూ వీళ్ళకూ ముహర్రక్ దీవి మీది విమానాశ్రయం ఒకటే. ఫార్ములా వన్ పందేల వారం వస్తే ప్రైవేటు జెట్లు దిగేదీ అక్కడే. కానీ వింజమూరు మనిషి ఆరోగ్యానికి పైలట్ మాట సరిపోదు. విమానం ఎక్కకముందే చెన్నైలోనో హైదరాబాదులోనో గల్ఫ్ దేశాలు ఒప్పుకున్న సెంటరుకు పోవాలి. ఇదివరకు దాన్ని గామ్కా అనేవాళ్ళు, ఇప్పుడు వఫీద్ అంటున్నారు. ఛాతీకి ఎక్స్‌రే తీస్తారు, రక్తం తీస్తారు, క్షయ, హెచ్ఐవీ, కామెర్లు చూస్తారు, కడుపుతో ఉందేమో అదీ చూస్తారు. అన్నీ బాగుంటే ఫిట్. ఒక పాత మచ్చ ఎక్స్‌రేలో కనబడితే అన్‌ఫిట్, కట్టిన డబ్బు గాలికి.

ఆమె పది పాసైందా లేదా అన్నది కూడా ప్రభుత్వానికి కావాలి. పది తప్పిన కూలీ పాస్‌పోర్టు ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) అవుతుంది, ఆదాయపు పన్ను కట్టేవాడికి ఆ బాధ ఉండదు. 1983 నాటి వలస చట్టం కింద ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రంట్స్ ఆమెకు అనుమతి ఇవ్వాలి. 30 ఏళ్ళు నిండకపోతే ఇంటిపనికి పోనివ్వరు. అందుకని ఏజెంటు వయసు పెంచి రాయిస్తాడు, లేదంటే విజిట్ వీసా అంటగట్టి పంపిస్తాడు. రక్షణ పేరుతో పెట్టిన నిబంధన ఆమెను దొంగదారి పట్టించింది. 2018 జనవరిలో ఇంకా గొప్ప ఆలోచన చేశారు. ఈసీఆర్ వాళ్ళందరికీ నారింజ రంగు అట్ట పాస్‌పోర్టు ఇస్తామన్నారు. పది తప్పినవాడు దూరం నుంచే తెలిసిపోవాలన్నమాట! గోల పుట్టాక అదే నెలాఖరులో మానుకున్నారు.

ఇవన్నీ వెళ్ళేటప్పటి సంగతులు. అసలు వినోదం తిరిగొచ్చేటప్పుడు ఉంది.

బంగారం గురించి మన కస్టమ్స్‌కు ఎప్పుడూ ఒక కల ఉంటుంది, ఆ కలలో ధర పెరగదు. ఏడాది దాటి విదేశంలో ఉండి వచ్చేవాళ్ళు సుంకం లేకుండా తెచ్చుకునే నగలకు 1991లో ఒక గీత గీశారు, మగవాళ్ళకు ₹10,000, ఆడవాళ్ళకు ₹20,000. ఆ గీత 2013 దాకా కదల్లేదు. ఆ ఏడు బడ్జెట్‌లో అప్పటి ఆర్థికమంత్రి చిదంబరం గారు దాన్ని ₹50,000కు, ₹1,00,000కు జరిపారు. ఇరవై రెండేళ్ళు బంగారం షాపువైపు చూడనివాళ్ళు ఒకసారి చూసి మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

2016 ఏప్రిల్‌లో కొత్త బ్యాగేజీ నిబంధనలు వచ్చాయి. ఈసారి తెలివిగా బరువు కూడా చేర్చారు. ఆడవాళ్ళకు 40 గ్రాములు, మగవాళ్ళకు 20. ఆత్మకూరు కంసాలి భాషలో 40 గ్రాములంటే ఐదు సవర్లు. ఐదు సవర్లు తెచ్చుకోమన్నారు కాబట్టి కువైట్‌లో మూడేళ్ళు అంట్లు తోమిన మనిషి ఐదు సవర్ల గొలుసు కొనుక్కుని దిగిందనుకోండి. అమ్మా, బరువు సరే, విలువ ₹1,00,000 దాటకూడదు కదా అంటారు. నగల బంగారం అప్పుడే పది గ్రాములు ₹27,000 పైమాట. అంటే 40 గ్రాములు లక్షా ఎనిమిది వేలు. చట్టం పుట్టిన రోజునే దాని రెండు కాళ్ళూ రెండు దారులు పట్టాయి. కాగితం మీద ఇచ్చిన 40 గ్రాములు మన షాపు ధరల లెక్కన చేతికి పూర్తిగా రాలేదు.

తర్వాత ఆ లక్ష చిక్కిపోతూ వచ్చింది. 2025లో మేలిమి పది గ్రాములు లక్ష దాటింది. అప్పటికీ నిబంధనలో 40 గ్రాములు అన్న మాట అలాగే నిగనిగలాడుతూ ఉంది. పక్కనే ₹1,00,000 కూడా ఉంది. ఐదు సవర్లు అని రాసి సవరా కాలు ఇచ్చారు. మగవాడికైతే ఐదు గ్రాములు, అంటే ఒక ఉంగరం. దాన్నీ వేలికి పెట్టుకుని దర్జాగా నడిస్తే అనుమానమే.

లెక్కలు చేయడం రాక ఇలా జరిగిందంటే ఎవరు నమ్ముతారు? బంగారం దిగుమతి సుంకాన్ని ప్రభుత్వం ఎప్పటికప్పుడు సవరిస్తూనే వచ్చింది. 2024 జులై బడ్జెట్‌లో వర్తకుల కోసం 15 శాతం నుంచి 6 శాతానికి దించింది. ధర ఎంతుందో తెలియనివాళ్ళు చేసే పని కాదది. తెలిసినవాళ్ళే ఖద్దామా గొలుసు దగ్గరికి వచ్చేసరికి పదేళ్ళు నిద్రపోయారు.

2026 ఫిబ్రవరిలో మెలకువ వచ్చింది. కొత్త బ్యాగేజీ నిబంధనల్లో విలువ గీత తీసేసి బరువే ఉంచారు. మామూలు సామాను మినహాయింపు కూడా ₹50,000 నుంచి ₹75,000 అయింది. దీనికి జరిగిన భజన అంతా ఇంతా కాదు. ప్రయాణికుల కష్టం తెలుసుకున్న ప్రభుత్వమట. మంచిదే, ఆలస్యంగానైనా చేశారు. మరి ఆ పదేళ్ళూ చెన్నైలో గాజులు విప్పించుకున్నవాళ్ళ సంగతేమిటి? సుంకం కట్టినవాళ్ళకు తిరిగిస్తారా? కట్టలేక నగ అక్కడే వదిలేసి వచ్చినవాళ్ళను పిలిచి ఇస్తారా? ఒక తప్పుడు లెక్కను పదేళ్ళు జనం మీద రుద్ది, చివరికి దిద్దుకుని, దిద్దినందుకు దండ వేయించుకోవడం సిగ్గులేనితనం.

ఇక షికాగో ఒప్పందం 24వ అధికరణం చూడండి. ఒక దేశం విమానం ఇంకో దేశానికి వస్తే దాన్ని తాత్కాలికంగా సుంకం లేకుండా రానివ్వాలి. అందులో మిగిలిన ఇంధనం, నూనె, విడిభాగాలు, సామగ్రి అలాగే ఉంచుకుని తిరిగి తీసుకుపోతే వాటి మీదా సుంకం వేయకూడదు. వందల కోట్ల జెట్ తన ట్యాంకులో నూనెతో సహా రాచమర్యాదతో దిగుతుంది. ఇది అంతర్జాతీయ నియమం, తప్పేమీ లేదు. వస్తువు మళ్ళీ వెళ్ళిపోతుంది కాబట్టి సుంకం దేనికని తర్కం. అదే తర్కం ఒక తాళికి ఎందుకు వర్తించలేదో అడగాలి.

2023 డిసెంబరులో శ్రీలంక నుంచి ఒక కొత్త పెళ్ళికూతురు గుళ్ళు చూడడానికి చెన్నైలో దిగింది. ఆమెదీ దీవి దేశమే, కాకపోతే జెట్ లేదు. మెడలోని 88 గ్రాముల తాళి గొలుసును కస్టమ్స్ వాళ్ళు తీయించి పట్టుకున్నారు. ఆమె ఇక్కడ ఉండిపోవడానికి రాలేదు. గొలుసు కూడా ఆమెతోనే వెళ్ళిపోయేదే. మద్రాసు హైకోర్టు 2025లో ఆ అధికారి తీరును తప్పుపట్టి గొలుసు తిరిగివ్వమంది. ఏడాదికి పైగా పట్టింది. ఆ ఏడాది అంతా ఆమె తాళి ప్రభుత్వ లాకరులో కాపురం చేసింది.

చట్టం అందరికీ ఒకటే కదా, జెట్‌లో వచ్చినవాడికి కూడా అదే 20 గ్రాములు కదా అని ఎవరో ఒక పెద్దమనిషి అంటాడు. ఔను, 1962 కస్టమ్స్ చట్టంలో సోఫాకు వేరే సెక్షన్ లేదు. సోఫా మాత్రం ఉంది. ఢిల్లీలో 2020 సెప్టెంబరులో ప్రైవేటు విమానాలకు ప్రత్యేకంగా టెర్మినల్ తెరిచి కస్టమ్స్, ఇమిగ్రేషన్ అక్కడే పెట్టారు. చెన్నైలో సాధారణ బెల్టు దగ్గర తెల్లవారుజామున కువైట్ విమానం దిగినప్పుడు చూస్తే తేడా తెలుస్తుంది. నైలాను తాడుతో అడ్డంగా నిలువుగా కట్టిన అట్టపెట్టెలు వస్తాయి. వాటి మీద స్కెచ్ పెన్నుతో పేరు, ఊరు, మండలం, నెల్లూరు జిల్లా. లోపల పాలపొడి డబ్బాలు, సెంటు సీసాలు, ఒక దుప్పటి. ఆ తాడు కోయించి, సెంటు సీసాలు లెక్కబెట్టి, అరవంలో ప్రశ్నలు వేస్తారు. కట్టిన తాడు విప్పితే మళ్ళీ కట్టుకోవడానికి అక్కడ ఎవరూ చెయ్యి వేయరు. ఆ మనిషి దొంగ అని ముందే నిర్ణయమైపోయింది. ఇది తనిఖీ కాదు, అవమానం. రోజూ జరుగుతుంది కాబట్టి దానికి అవమానమన్న పేరు కూడా పోయింది.

నిజంగా కిలోలు తెచ్చేవాళ్ళు తాడు కట్టిన పెట్టెల్లో తేరు. 2025 మార్చిలో బెంగళూరులో రెవెన్యూ నిఘా విభాగం (డీఆర్ఐ) వాళ్ళు ఒక సినిమా నటి దగ్గర 14.2 కిలోలు పట్టుకున్నారు. అంతకుముందు పోలీసు ప్రొటోకాల్‌తో దర్జాగా దాటిపోయేదన్నది ఆ కేసులో ఆరోపణ. అది కోర్టు తేల్చాలి. కానీ 14.2 కిలోలంటే 1,775 సవర్లు. ఎంతమంది ఖద్దామాల ఐదు సవర్లో భాగించుకుని చూడండి.

దీవులకు తెలుగు కూలీ కొత్త కాదు. కోరంగి నుంచి ఓడల్లో మారిషస్ వెళ్ళినవాళ్ళను పోర్ట్ లూయిస్ డిపోలో దింపి, నంబరు వేసి, పేరు తప్పుగా రాసుకుని తోటలకు తోలారు. ఆ డిపోను ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్ అని యునెస్కో వారసత్వ స్థలం చేశారు. అదే దీవికి ఈరోజు జెట్‌లో వెళ్ళే తెలుగువాడు దాన్ని చూసి ఫొటో దిగుతాడు.

   

దగదర్తికి ఇప్పుడు మళ్ళీ కదలిక వచ్చింది. టెర్మినల్ బొమ్మలు గీసేవాళ్ళు జెట్ల లాంజ్ ఎక్కడ, హెలిప్యాడ్ ఎక్కడ అని తప్పకుండా ఆలోచిస్తారు. ఇంకొక చిన్న కిటికీ కూడా గీయమని వాళ్ళకు ఎవరైనా చెప్పాలి. ఒంటి మీది నగలతో విదేశం వెళ్ళేవాళ్ళు బయల్దేరే ముందే కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోవచ్చు. అది చేతిలో ఉంటే తిరిగొచ్చేటప్పుడు ఆ నగ పాతదా కొత్తదా అన్న తగాదా ఉండదు. నిబంధన ఎప్పటినుంచో ఉంది. ఉదయగిరి నుంచి తుఫాన్ వ్యానులో రాత్రంతా ప్రయాణం చేసి చెన్నై చేరిన మనిషికి ఆ సంగతి చెప్పే ఏజెంటు లేడు, చూపించే తెలుగు బోర్డు లేదు. మెడలో పుస్తెలు, చెవులకు కమ్మలు, చేతికి రెండు గాజులు తూచి రాసివ్వడానికి పట్టేది పావుగంట. జెట్ దొరకు కాఫీ ఇచ్చే టైమే అది. ఆ కిటికీ మీద పేరు తెలుగులో, కంటికి ఆనేంత అక్షరాలతో రాయాలి. కువైట్ విమానాలు అర్ధరాత్రి లేస్తాయి కాబట్టి రాత్రిళ్ళు కూడా లోపల మనిషి కూర్చోవాలి.